కారు టైరు వేసిన బైకుతో వానలో ఘాట్ దిగేవాళ్లకి

ముందే చెప్పేస్తాను, బైకు వెనక చక్రానికి కారు టైరు వేయించుకోవచ్చా అని ఎవరైనా అడిగితే నేను వద్దనే అంటాను. కానీ ఉత్తి వద్దు ఎవరికీ తలకెక్కదు. మా బావకే ఎక్కలేదు. అందుకని ఎందుకు వద్దో, ఇప్పటికే వేయించుకున్నవాళ్లు దాన్ని తీయించేదాకా అరుగుదల ఎలా చూసుకోవాలో, తడి రోడ్డు మీద ఎలా నడపాలో నాకు తెలిసినంత రాస్తున్నాను. కారు టైరు జోలికి పోనివాళ్లు కూడా చదవండి, మీ బండికి ఈపాటికి సగం కారు టైరు దానంతటదే తయారై ఉండొచ్చు, అదెలాగో కింద చెప్తాను.

మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా జయపురం. మందుల షాపుల దగ్గర ఆర్డర్లు రాసుకునే పని. వారానికి ఒకసారైనా కొరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి మీదుగా సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్లి, సాయంత్రానికి మళ్లీ ఎక్కి రావాలి. ఈ రోడ్డు తెలిసినవాళ్లకి చెప్పేదేముంది, ఒక పక్క సాలూరు లారీలు, ఇంకో పక్క కొండ మీంచి జారే ఎర్రమట్టి, జూన్ మధ్య నుంచి అక్టోబరు దాకా వాన, వాన లేని పూట పొగమంచు. నా బండికి వెనక టైరు 20 వేల కిలోమీటర్లు వస్తే గొప్ప. కారు టైరు హాయిగా 40, 50 వేలు నడుస్తుంది. ఆశంతా అక్కడే పుడుతుంది.

ఈ అలవాటు అమెరికాలో పెద్ద బండ్లవాళ్ల దగ్గర బాగా ముదిరింది, దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు డార్క్‌సైడ్. హోండా గోల్డ్‌వింగ్ లాంటి బండ్లు, ఒక్కోటి 400 కిలోల దాకా బరువు, వెనక 16 అంగుళాల చక్రం, రోజుకి వందల కిలోమీటర్లు తిన్నటి హైవే. అక్కడ బైకు టైరు నడిమధ్యన త్వరగా అరిగిపోతుంది కాబట్టి కారు టైరు ఎక్కిస్తారు, లక్షల కిలోమీటర్లు నడిపామని చెప్పేవాళ్లూ ఉన్నారు. నేను వాళ్లని అబద్ధాలకోరులు అనను. కానీ వాళ్ల బండి బరువు వేరు, చక్రం వెడల్పు వేరు, రోడ్డు అంతకంటే వేరు. అది చూసి సుంకి ఘాట్‌లో అదే పని చేస్తే ఎలా? సైడ్‌కార్ తగిలించిన బండ్లకీ, వెనక ట్రాలీ కట్టి మూడు చక్రాలు చేసిన బండ్లకీ కారు టైర్లు ఎందుకు పనిచేస్తాయంటే అవి మలుపులో ఒరగవు. మన బండి ఒరుగుతుంది. తిరకాసంతా ఈ ఒరగడం దగ్గరే.

ఇంట్లో ఒక కొబ్బరికాయ, ఒక అగ్గిపెట్టె తీసుకోండి. కొబ్బరికాయని బల్ల మీద పెట్టి ఎటు ఒరిగించినా బల్లకి తగిలే చోటు అంతే ఉంటుంది, కాస్త పక్కకి జరుగుతుందంతే. బైకు టైరు అలా గుండ్రంగా ఉండేది అందుకే. ఇప్పుడు అగ్గిపెట్టెని ఒరిగించండి. మొదట ఒరగనంటుంది, బలం పెడితే చటుక్కున లేచి ఒక అంచు మీద నిలబడుతుంది. కారు టైరుతో మలుపు తిరిగేటప్పుడు జరిగేది అదే. హ్యాండిల్ నొక్కి పట్టుకుంటే గానీ బండి వంగదు, వంగాక టైరు మధ్యభాగం రోడ్డుని సగం వదిలేసి భుజం అంచు మీద, అంటే టైరు నడుమ అయిపోయి పక్కకి తిరిగే చోట, బరువు పడుతుంది. గాలి కొంచెం తక్కువ ఉంటే టైరు మెత్తగా అణిగి ఇంకాస్త ఆనుతుంది, నిజమే, డార్క్‌సైడ్ వాళ్లు చెప్పేదీ అదే. పొడి రోడ్డు మీద ఆ అణగడంతో నెట్టుకురావచ్చు. తడి రోడ్డు మీద మిగిలిన ఆ కాస్త అంచే మీ ప్రాణానికి దిక్కు.

మా బావ కథ చెప్పాలి. ఆయనది వెనక 15 అంగుళాల చక్రం ఉన్న క్రూజర్, టైరు సైజు 130/90-15. మొదట స్విఫ్ట్ కారు టైరు మీద కన్నేశాడు, 185/65 ఆర్15. కాగితం మీద లెక్కేశాం, బైకు టైరు నిలువు ఎత్తు 615 మిల్లీమీటర్లు, కారుది 621 చిల్లర, అంటే తేడా ఆరేడు మిల్లీమీటర్లే. బావ ముఖం వెలిగిపోయింది. వెడల్పు చూడు బావా అన్నాను, 55 మిల్లీమీటర్లు ఎక్కువ, చైనుకి రాసుకుంటుంది, పైగా ఆ టైరుకి కనీసం 5 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి, మన రిమ్ము దానికంటే చాలా సన్నం. సరే అని వదిలేశాడనుకున్నా. పదిరోజులు తిరక్కుండా ఎవరి దగ్గరో పాత కారుది సన్నటి టైరొకటి కొని, మడ్‌గార్డ్ కమ్మీ పక్కకి జరిపించి ఎక్కించేశాడు. "ఏటవుతాదిరా, కారోళ్లు నడపట్లేదా, గ్రిప్పు సూడు, అగ్గిపుల్ల పెడితే తల మునిగిపోతంది" అని నాకే చూపించాడు.

రెండు నెలలు జయపురం నుంచి బొరిగుమ్మ వైపు తిన్నటి రోడ్డు మీద తిరిగి బాగుంది బాగుంది అన్నాడు. జులైలో ఒకరోజు ఇద్దరం రెండు బండ్ల మీద సాలూరు బయల్దేరాం, ఆయన ముందు, నేను వెనక. పెద్ద వాన కూడా కాదు, తుంపర. ఘాట్‌లో ఎడమ మలుపు ఒకటి, లారీలు మట్టి తొక్కి తెచ్చిన చోటు. బావ బండి వంగడానికి మొండికేసింది, ఇంకాస్త వంచాడు, అంతే, వెనక చక్రం చీపురుతో ఊడ్చినట్టు బయటికి పోయింది. అదృష్టం, వేగం ముప్పై కూడా లేదు, లోయ వైపు కాకుండా కొండ వైపు కాలవలో ఆగాడు. మోకాలు చీరుకుపోయింది, సైలెన్సర్ తగిలి పిక్క కాలింది. లారీ క్లీనర్ ఒకతను దిగొచ్చి బండి లేపడానికి చెయ్యి వేశాడు.

నేను అక్కడే కూర్చుని టైరు చూశాను. మధ్యలో గాడులన్నీ కొత్తవాటిలాగే ఉన్నాయి, లోపల ఎర్రమట్టి కూరుకుపోయి ఉంది. భుజం అంచున ఉన్న దిమ్మలు మాత్రం పాత మెట్టు రాయిలా నున్నగా మెరుస్తున్నాయి, వేలితో ముందుకి రాస్తే నున్నగా, వెనక్కి రాస్తే రంపపు పళ్లలా గుచ్చుకుంటున్నాయి. అగ్గిపుల్ల మునిగిన గ్రిప్పు రోడ్డుని తాకనే లేదు, తాకిన చోట గ్రిప్పు లేదు.

అరుగుదల చూసుకోవడం

కాబట్టి కారు టైరు ఉన్న బైకుకి మధ్యలో లోతు చూసి సరే అనుకోకండి. బండిని సెంటర్ స్టాండ్ వేసి, చక్రం చేత్తో తిప్పుతూ, అగ్గిపుల్లని మూడు చోట్ల దించండి, నడిమధ్య, ఎడమ భుజం, కుడి భుజం. మునిగినంత మేర గోరుతో గుర్తు పెట్టి స్కేలు మీద కొలవండి. చక్రం చుట్టూ ఇలా మూడు నాలుగు చోట్ల. టైరు పక్కన టీడబ్ల్యూఐ అని గానీ చిన్న త్రికోణం గానీ ఉన్నచోట గాడి అడుగున చిన్న గట్టు ఉంటుంది, రబ్బరు ఆ గట్టుకి సమానమైతే టైరు పని అయిపోయినట్టే. మన నిబంధనల ప్రకారం టూవీలర్ టైరుకి కనీస లోతు 0.8 మిల్లీమీటర్లు, కార్లకి 1.6. అది చట్టం లెక్క. వానాకాలానికి నా సొంత లెక్క 2 మిల్లీమీటర్లు, ఎక్కడ తక్కువైనా సరే, ఆ ఒక్క చోటే లెక్క.

అరచేత్తో టైరుని ఈ అంచు నుంచి ఆ అంచుకి, మళ్లీ ముందుకీ వెనక్కీ నిమరండి. కంటికి కనపడని రంపపు పళ్లు చేతికి తెలుస్తాయి. ఒక భుజమే ఎక్కువ అరిగితే చక్రం తిన్నగా లేదని అర్థం, చైను బిగించినప్పుడు రెండు వైపులా సమానంగా బిగించలేదేమో చూడండి.

వయసు విషయం చాలామంది మర్చిపోతారు. బైకు టైరు మామూలుగా ముసలిదయ్యేలోపే అరిగిపోతుంది కాబట్టి మనకి తేదీ చూసే అలవాటు లేదు. కారు టైరు నడుమ బైకు కింద త్వరగా అరగదు, ముసలిదవుతుంది. గాడులు నిండుగానే ఉంటాయి, రబ్బరు మాత్రం ఎండిన తోలులా బిగుసుకుపోతుంది, తడి మీద పట్టు ఉండదు. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. అయిదారేళ్లు దాటినా, గోరు నొక్కితే దిగకపోయినా, గాడుల అడుగున సన్నటి పగుళ్లు కనిపించినా లోతు ఎంతున్నా అనవసరం. సెకండ్‌హ్యాండ్ కారు టైరు కొన్నవాళ్లు ఇది ఇవాళే చూడండి.

ఇక రిమ్ము దగ్గర. కారు రిమ్ము అంచు, బైకు రిమ్ము అంచు ఒకే అంగుళాలవైనా ఒకే ఆకారంలో ఉండవు, టైరు లోపలి గట్టి అంచు కూర్చునే చోటు వేరు. అందుకే పంచర్ షాపులో అది కూర్చోక, గాలి కొట్టీ కొట్టీ చివరికి ఫట్‌మని కూర్చోబెడతారు. టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠ గాలికి కూడా కూర్చోకపోతే ఇంక కొట్టించకండి, అది పగిలితే పక్కన కూర్చున్నవాడి చేతులూ ముఖమూ పోతాయి. కూర్చున్నాక, రిమ్ము పక్కనే టైరు మీద చుట్టూ ఒక సన్నటి గీత ఉంటుంది చూడండి, అది రిమ్ముకి చుట్టూతా ఒకే దూరంలో ఉండాలి. ఒకచోట దగ్గరగా ఒకచోట దూరంగా ఉంటే సరిగ్గా కూర్చోలేదు, ఆ బండితో ఘాట్ ఎక్కొద్దు. చైనుకీ, మడ్‌గార్డుకీ, స్వింగ్ ఆర్మ్‌కీ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కమ్మీ) టైరుకీ మధ్య వేలు దూరాలి, లోపల నల్లటి రాపిడి గుర్తు ఉందేమో టార్చి వేసి చూడండి. మన ఎర్రమట్టి వానలో ముద్దలా పేరుకుంటే ఆ వేలంత సందు కూడా మిగలదు.

గాలి ఎంత పెట్టాలి అని అడుగుతారు. ఇక్కడే ఇరుక్కుంటాం. బండి మీద స్టిక్కర్‌లో ఉన్నది బైకు టైరుకి, కారు తలుపు దగ్గర ఉన్నది కారు బరువుకి, ఈ రెండూ కలిపిన బండికి ఏ కంపెనీ ఏ అంకె రాయలేదు. సుద్దముక్క పద్ధతి ఒకటుంది. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు, ఎప్పుడూ ఎంత బరువు వేస్తారో అంత బరువుతో, టైరు మీద అడ్డంగా సుద్దతో మందంగా గీత గీసి, పొడి రోడ్డు మీద తిన్నగా 50 మీటర్లు పోయి దిగి చూడండి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, రెండు పక్కలే చెరిగి మధ్యలో మిగిలితే తక్కువ. ఇది తిన్నటి రోడ్డు సంగతే చెప్తుంది, మలుపు సంగతి చెప్పదు, అది గుర్తుంచుకోండి. ముందు చక్రానికి మాత్రం కారు టైరు ఆలోచనే పెట్టుకోకండి.

వానలో

కారు టైరుకి గాడులు లోతుగా ఉంటాయి కదా, నీళ్లు బాగా తీసేస్తుంది కదా అంటారు. కొత్త కారు టైరుకి గాడి లోతు 8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, కారు కింద అది బాగానే పనిచేస్తుంది. ఎందుకంటే ఒక్కో చక్రం మీద మనుషులతో కలిపి 250 కిలోల పైనే పడుతుంది, ఆ బరువుకి నీళ్లు గాడుల్లోంచి బయటికి పోతాయి. బైకు వెనక చక్రం మీద ఒక మనిషి ఎక్కితే పడేది అందులో దాదాపు సగం. గుండ్రటి సన్నటి బైకు టైరు పడవ ముక్కులా నీళ్లని రెండుగా చీలుస్తుంది, వెడల్పు చదును టైరు నీళ్ల మీద పలకలా ఎక్కుతుంది. తేలిందంటే బ్రేకూ పనిచేయదు, హ్యాండిలూ పనిచేయదు. బొరిగుమ్మ వైపు పొలాల మధ్య రోడ్డు మీద వాన నీళ్లు పలచగా నిలిచి అద్దంలా మెరుస్తుంటాయి చూడండి, అక్కడ 50 దాటొద్దు. ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా పెరిగి బండి తేలికైనట్టు అనిపిస్తే బ్రేకు ముట్టుకోకుండా, బండి తిన్నగా పట్టుకుని, ఎక్సలేటర్ మెల్లగా తగ్గించండి, ఉన్నపళంగా వదిలేయకండి.

వాన మొదలైన మొదటి అరగంట అన్నిటికంటే చెడ్డది. అన్నాళ్లు రోడ్డు మీద పడ్డ డీజిలూ, ఆయిలూ, దుమ్మూ తేలి సబ్బునీళ్లలా అవుతుంది. నేనైతే ఎక్కడో చోట టీ తాగుతూ కూర్చుంటాను, ఆర్డర్లు ఎక్కడికీ పోవు.

ఘాట్ దిగేటప్పుడు వేగమంతా మలుపుకి ముందే తగ్గించేయండి, మలుపులోకి వెళ్లాక బ్రేకు వేసే అవసరం రాకూడదు. రెండో గేరో మూడో గేరో ముందే వేసుకుని అదే గేరులో దిగండి, మలుపు మధ్యలో గేరు తగ్గించి క్లచ్ టక్కున వదిలితే వెనక చక్రం బిగుసుకుని జారుతుంది. బండిని తక్కువ వంచి, మీ ఒంటిని కొంచెం లోపలికి జరపండి. కారు టైరు ఉన్నవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం, అగ్గిపెట్టె అంచు మీద లేచే దాకా రానివ్వకూడదు. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ నొక్కండి. 125 సీసీ దాటిన బండ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేసినా చక్రం బిగుసుకోకుండా చూసేది) తప్పనిసరి చేశారు కదా, నాకేం టెన్షన్ లేదు అనుకోకండి, చాలా బండ్లకి అది ముందు చక్రానికే ఉంటుంది, వెనక బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుంటుంది. రెండు చక్రాలకీ ఉన్న బండికి వెనక టైరు ఎత్తు మార్చితే ఆ ఏబీఎస్ లెక్కలు కూడా తప్పుతాయి.

లారీ వెనకాల పోయేటప్పుడు దాని చక్రాలు నీళ్లు తోసేసిన జాడలో పోండి, కానీ దూరంగా. రెండు జాడల మధ్యన ఆయిల్ కారి ఉంటుంది. తెల్ల గీతలు, వంతెన మీద ఇనప అతుకులు, రైలు పట్టాలు, రాలిన ఆకులు, పేడ, ఇవన్నీ తడిస్తే అద్దాలే. పట్టాలని నిటారుగా దాటండి, ఏటవాలుగా దాటారా చక్రం పట్టా వెంబడి పోతుంది. తారు రోడ్డు అంచు దిగి మళ్లీ ఎక్కేటప్పుడు కారు టైరు భుజం ఆ అంచుని పట్టుకుని హ్యాండిల్‌ని గుంజుతుంది, అందుకని లారీకి దారివ్వడానికి పక్కకి దిగితే ఆగి, తిన్నగా చూసుకుని ఎక్కండి.

మీ బైకు టైరు కూడా కారు టైరైపోతుంది

ఇందాక చెప్తానన్నది ఇదే. రోజూ తిన్నటి రోడ్డు మీద, వెనక పాల క్యాన్లో, బట్టల మూటలో, గ్యాస్ బండలో వేసుకుని తిరిగే బండికి టైరు నడుమ ఒక పట్టీలా చదునుగా అరుగుతుంది. వెనక నుంచి వంగి చూడండి, గుండ్రంగా ఉండాల్సింది దోసె పెనంలా కనిపిస్తే, ఆ చదును మూడు నాలుగు వేళ్ల వెడల్పు ఉంటే, అది అచ్చం అగ్గిపెట్టె పనే చేస్తుంది. మలుపులో మొదట వంగనంటుంది, తర్వాత అంచు దాటి దబ్బున పడినట్టు వంగుతుంది. చాలామంది దీన్ని బేరింగు పోయిందనుకుంటారు. టీడబ్ల్యూఐ గట్టు ఇంకా తగల్లేదని దాన్నే నడుపుతుంటారు. వానలకి ముందు మార్చేయండి. గుండు టైరుకి వేడి కత్తితో కొత్త గాడులు కోసిస్తామనే వాళ్లు కొన్నిచోట్ల ఉన్నారు, ఆ గాడి అడుగున మిగిలేది దారప్పోగులే, వంద రూపాయలకి అలాంటి పని చేయించుకోవద్దు.

మైలేజీ కావాలంటే కంపెనీ చెప్పిన సైజులోనే, తయారై ఆరు నెలలు దాటని టైరు కొనండి, ఐఎస్ఐ గుర్తు చూసుకోండి. మధ్యలో గట్టి రబ్బరు, పక్కల మెత్తటి రబ్బరు వేసిన టైర్లు ఇప్పుడు మామూలు బండ్లకీ దొరుకుతున్నాయి, లోడుతో తిరిగేవాళ్లు అవి అడగండి. వారానికోసారి గాలి చూసుకుంటే చాలు, కారు టైరుకోసం పడే ఆరాటంలో సగం తీరిపోతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద బండిని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి మార్చడం కుదరదు, యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది అలాంటి మార్పులే.

బావ మోకాలు మానాక కొత్త బైకు టైరు వేయించాడు, పాతది వాళ్ల పెరట్లో ఆవు కుడితి తొట్టి కింద ఆనుగా ఉంది. టైరు వేయించిన రోజు సాయంత్రమే సాలూరు పోదాం రా అన్నాడు. కొత్త టైరు పైన నున్నటి పొర ఉంటుంది, అది పోయేదాకా పట్టు రాదు, మొదటి 150 కిలోమీటర్లు పొడి రోడ్డు మీద, మెల్లగా, రోజురోజుకీ కాస్త కాస్త ఎక్కువ వంచుతూ తిప్పాలి. వాన వచ్చేలా ఉంది బావా, శనివారం పోదాం అన్నాను. ఈసారి విన్నాడు.